మూడు అరల స్టీలు టిఫిన్ బాక్సు: ఒకటో తరగతి నుంచి మూడో తరగతి దాకా

మేముండేది ఒడిశాలోని రాయగడలో. పాప ఒకటో తరగతిలో చేరినప్పుడు పార్వతీపురంలో ఒక స్టీలు సామాన్ల కొట్లో ఈ బాక్సు కొన్నాం. ఇప్పుడు పాపకి మూడో తరగతి, బాక్సు ఇంకా రోజూ బడికి వెళ్తూనే ఉంది. మూడు అరలు, అన్నిటికీ కలిపి ఒకే మూత, మూత లోపల సిలికాన్ రింగు, అటూ ఇటూ రెండు క్లిప్పులు. ఇలాంటివి ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి కాబట్టి పేరుతో పని లేదు.

పొడి వంటలకు ఇది చాలా బాగుంటుంది. అన్నం, పప్పు, చారు కట్టి పంపే ఇంటికి మాత్రం దండగ. రింగు బయటి అంచునే బిగిస్తుంది. మధ్య గోడలకూ మూతకూ సన్నటి సందు ఉంటుంది. బ్యాగు పక్కకి ఒరిగితే పప్పు వెళ్లి జామకాయ ముక్కల్లో కలుస్తుంది. బయటకు చుక్క కారదు, పుస్తకాలకు ఢోకా లేదు, కానీ లోపలంతా కలగాపులగం. ఇక్కడ అనాసపండు బాగా దొరుకుతుంది, పాపకి ఇష్టం కూడా. దాని రసం వల్ల ఈ బాక్సులో ఎప్పుడూ పెట్టలేకపోయాను.

వేడివేడిగా పెట్టి మూత బిగిస్తే ఇంకో తంటా. ఆవిరి మూతకు పట్టి నీళ్లై ఇడ్లీల మీద కారుతుంది. పైగా చల్లారాక లోపల ఆవిరి తగ్గి మూత లోపలికి లాక్కుపోయినట్టు పట్టేస్తుంది. పెద్దవాళ్లం గోరు పెట్టి లాగుతాం, ఆరేళ్ల పిల్ల ఏం చేస్తుంది? మొదట్లో బాక్సు తెరవకుండానే తిరిగొచ్చిన రోజులున్నాయి. అందుకే వండినది పళ్లెంలో పరిచి, ఫ్యాను కింద ఆవిరి పోనిచ్చి, అప్పుడు సర్దుతాను. రాత్రి మిగిలిన అన్నం మాత్రం పులిహోర కలిపి పెట్టను. అన్నంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి పెరిగి వాంతులు తెప్పిస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. ఎండలు ముదిరాక ఇక్కడ బడి పొద్దుటి పూటకు మారుతుంది కాబట్టి ఆ నెలల్లో ఈ టెన్షన్ కొంచెం తక్కువ.

అసలు ఈ బాక్సు వల్లే మా ఇంట్లో చోళ్లు (రాగులు) మళ్లీ వాడకంలోకొచ్చాయి. అంబలి బాక్సులో పట్టదుగా, అట్టు పడుతుంది. మినప్పిండిలో చోడి పిండి కలిపి కాస్త మందంగా వేస్తే మధ్యాహ్నానికీ మెత్తగానే ఉంటుంది. పల్చటి దోసె అయితే తోలులా సాగుతుంది. 100 గ్రాముల చోళ్లలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికలు చెబుతున్నాయి, అదే ఆవుపాలలో 120 లోపే. అదే ఏడు ఒడిశా మిల్లెట్ మిషన్ పేరుతో మొదలైన ప్రభుత్వ చిరుధాన్యాల పథకంలో మా జిల్లా కూడా ఉంది. పాప పక్కన కూర్చునే ఒడియా పిల్లలకి మాండియా, అంటే చోళ్లే, ఇంట్లో తినేదే, కాబట్టి నల్లగా ఉందని ఎవరూ వెక్కిరించలేదు. అట్టు పెద్ద అరలో, గట్టిగా రుబ్బిన పల్లీ పచ్చడి చిన్న అరలో, మూడో దాంట్లో జామకాయో, క్యారెట్టో, చిమ్మిలి ఉండో.

పిల్లలు ఒకరి బాక్సులో ఒకరు చెయ్యి పెడతారు, వద్దన్నా ఆగరు. మార్గశిరంలో గురువారాలు ఒడియా వాళ్ల ఇళ్లల్లో లక్ష్మీపూజ, నీచు ముట్టరు. ఆ రోజు గుడ్డు పెట్టొద్దని పాపే చెప్పింది, అప్పట్నుంచి గురువారం శనగలు.

స్టీలు సంగతికొస్తే, కొట్టువాడు అయస్కాంతం పెట్టి చూపించి ‘అంటుకోలేదు, అసలు సరుకు’ అన్నాడు. ఆ పరీక్షతో ఏమీ తేలదు. 304 రకం స్టీలులో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. చవకైన 202లో నికెల్ తగ్గించి మాంగనీసు ఎక్కువ వేస్తారు, ఉప్పుకీ పులుపుకీ అది తొందరగా లొంగుతుంది. అయస్కాంతం మాత్రం రెండిటికీ పెద్దగా అంటుకోదు. అడుగున 304 అని ముద్ర ఉందేమో చూసి, బిల్లు మీద కూడా రాయించుకోండి. మాది లోపల శుభ్రంగానే ఉంది, క్లిప్పు పిన్నుల దగ్గర మాత్రం తుప్పు పట్టింది.

రింగు పెద్ద తలనొప్పి. వారానికోసారైనా ఊడదీసి కడిగి ఎండబెట్టకపోతే గాడిలో నల్లటి బూజు చేరుతుంది, వెల్లుల్లి వాసన అయితే ఎండలో పెట్టినా పూర్తిగా పోదు. ఈమధ్య సాగిపోయింది. కొత్తది అడిగితే విడిగా రాదు, బాక్సే కొనుక్కోమన్నారు.

బాబుని వచ్చే ఏడు బడిలో వేస్తాం. వాడికి రెండు అరలదే, ఇంతకన్నా చిన్నది కొంటాను, పెరుగుకి మరమూత ఉన్న బుల్లి డబ్బా విడిగా. అరలు పెద్దవైతే ఖాళీ కనిపిస్తోందని అత్తయ్య ఇంకో అట్టు కుక్కుతారు, సాయంత్రానికి అది అలాగే తిరిగొస్తుంది.