కడపలో పక్షుల షాపు: వెళ్లకండి

పాప అడిగిందని లవ్ బర్డ్స్ కోసం కడపలో ఒక పెట్ షాపుకు వెళ్లాం. ఎండ నేరుగా కొట్టే చోట ఇనుప పంజరాలు, వాటిలో కిక్కిరిసిన పిట్టలు నోరు తెరుచుకుని రొప్పుతున్నాయి, నీళ్ల గిన్నె నిండా రెట్టలు. అది చాలదన్నట్టు లోపల గుడ్డ కప్పిన బుట్ట తీసి, రెక్కల ఈకలు కత్తిరించిన రామచిలుకలు చూపించి "మాటలు నేర్చుకుంటాయి సార్" అన్నాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వీటిని పట్టడం, అమ్మడమే కాదు, ఇంట్లో పెంచుకోవడం కూడా నేరం. లవ్ బర్డ్స్ అని అమ్మే బడ్జీలు ఆస్ట్రేలియా పక్షులు, వాటికి ఆ అడ్డు లేదు, నిజమే. కానీ గుంపులుగా ఎంతెంతో దూరం ఎగిరే పిట్టకు జానెడు పంజరంలో ఏం సుఖం? ధర తక్కువే, మర్యాదగానే మాట్లాడాడు, అయినా కొనకుండా వచ్చేశాం. మీరూ కొనకండి, ఎక్కడైనా చిలుకలు అమ్ముతుంటే అటవీ శాఖవాళ్లకు చెప్పండి.