ఓక్లాండ్ స్టేడియం: రేవు ఒడ్డునా, పాత చోటనా?

అమెరికాలోని కాలిఫోర్నియాలో, ఓక్లాండ్ అథ్లెటిక్స్ బేస్‌బాల్ జట్టు కొత్త స్టేడియానికి చర్చకు వచ్చిన స్థలాల్లో ప్రధానమైనవి రెండు: డౌన్‌టౌన్ దాపున నీటి ఒడ్డునున్న రేవు స్థలం హోవర్డ్ టెర్మినల్, 1966 నుంచి ఉన్న పాత స్టేడియం కొలీజియం చోటు.

ఖర్చు: 35 వేల సీట్ల స్టేడియం, 3 వేల ఇళ్లు, దుకాణాలతో టెర్మినల్ ప్రతిపాదన 1,200 కోట్ల డాలర్లకు చేరింది; కలుషితమైన నేలను శుద్ధి చేయడమూ అందులో తప్పని పనే. కొలీజియం వద్ద రోడ్లు, పార్కింగ్ ముందే ఉన్నాయి.

రాకపోకలు: అసలు చిక్కు ఇక్కడే. కొలీజియం వద్ద బార్ట్ (ఆ ప్రాంతపు మెట్రో) రైలు దిగి పాదచారుల వంతెన దాటితే స్టేడియమే. టెర్మినల్‌కైతే స్టేషన్ నుంచి సుమారు మైలు నడిచి, వీధి నడుమ గూడ్సు రైళ్లు కూతపెడుతూ సాగే పట్టాలు దాటాలి.

ముప్పు: ఆట రోజుల రద్దీ రేవు లారీలకు అడ్డమవుతుందని షిప్పింగ్ వర్గాలు వ్యతిరేకించాయి. బేరాలు తెగకముందే, 2023లో జట్టు లాస్ వేగాస్ దారి పట్టింది.

ఊరికి ఒదుగుబాటు: ఇందులో మాత్రం రేవుదే పైచేయి. ఉదాహరణకు, అవతలి ఒడ్డున శాన్ ఫ్రాన్సిస్కోలో 2000లో ప్రధానంగా ప్రైవేటు సొమ్ముతో తెరిచిన స్టేడియం వద్ద, మైదానం దాటి నీటిలో పడే హోమ్ రన్ బంతుల కోసం జనం కయాక్‌లనే చిన్న పడవల్లో కాచుకుంటారు.

జట్టు తన డబ్బుతో కట్టి, పట్టాలపై వంతెనల ఖర్చుకు ముందే హామీ దొరికి ఉంటే రేవు ఒడ్డు మేలయ్యేది. నగర ఖజానా బిగువుగా ఉండి, త్వరగా కట్టాలనుకుని ఉంటే కొలీజియమే నయమయ్యేది.