మట్టి ఇళ్ళ కోసం ఒక సెమిస్టర్: ఆరోవిల్ నుంచి పూసపాటిరేగ దాకా

బి.ఆర్క్ మూడో ఏడాది మొదటి సెమిస్టర్ పరీక్షలు అవగానే కాలేజీలో బ్రేక్‌కి అప్లై చేశాను. చేయాల్సిన పనులు ముందే రాసిపెట్టుకున్నాను. మట్టితో, ఇటుకతో, తక్కువ సిమెంటుతో ఇల్లు ఎలా లేస్తుందో దగ్గరుండి నేర్చుకోవాలి. ఆ తర్వాత మా ఉత్తరాంధ్ర తీరంలో ఇంకా నిలబడి ఉన్న చుట్టిళ్ళని, అంటే గుండ్రటి మట్టి ఇళ్ళని, కొలిచి డ్రాయింగులు గీయాలి. ఖర్చులకి విశాఖలో ఒక చిన్న ఆఫీసుకి ఆటోకాడ్ పని ఒప్పుకున్నాను. ఎక్కడున్నా ల్యాప్‌టాప్‌లో గీసి పంపాలి, షీటుకి ఇంత అని ఇస్తారు.

ఇలాంటి ఆలోచన ఉన్నవాళ్ళు ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. మన యూనివర్సిటీల్లో చాలా చోట్ల ఒక్కో సెమిస్టర్ ఏడాదికి ఒక్కసారే నడుస్తుంది. జనవరి సెమిస్టర్ వదిలితే మళ్ళీ వచ్చే జనవరిలోనే, తర్వాతి బ్యాచ్‌తో కూర్చోవాలి. అంటే చేతిలో ఉండేది ఏడాది. అందుకే మిగతా నెలలు అదే ఆఫీసులో ఫుల్‌టైమ్ పని అని మాట తీసుకున్నాకే ఇంట్లో చెప్పాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నవాళ్ళయితే కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో అడిగి, వాళ్ళ జవాబు కాగితం మీద తీసుకోండి. డిపార్ట్‌మెంట్ నుంచి బోనఫైడ్ లెటర్ కూడా పట్టుకెళ్ళండి. నాకు చాలా గేట్లు ఆ ఒక్క కాగితంతోనే తెరుచుకున్నాయి.

నాన్న తొందరగానే ఒప్పుకున్నారు. అమ్మ టెన్షన్ వేరు. "ఎక్కడుంటావే, రాత్రి తలుపు గడియ సరిగ్గా పడుతుందా?" అంది. ఆ ప్రశ్ననే నేను బసకి కొలతగా పెట్టుకున్నాను. గడియ పడాలి, రాసుకోవడానికి బల్ల ఉండాలి, కరెంటు నిలవాలి, నడిచి వెళ్ళేంత దూరంలో భోజనం దొరకాలి. స్విమ్మింగ్ పూలు, గోడ మీద బొమ్మలు, ఫొటోలు దిగే ఊయల నాకు అక్కర్లేదు.

మొదట ఆరోవిల్. చెన్నై దిగి, తీరం వెంబడి పోయే ఈసీఆర్ రోడ్డు మీదుగా బస్సులో వెళ్ళాను. పుదుచ్చేరికి ఉత్తరాన పది పన్నెండు కిలోమీటర్లుంటుంది. రకరకాల దేశాలవాళ్ళు కలిసి ఉండటానికి 1968 ఫిబ్రవరి 28న మొదలైన ఈ ఊరు అప్పట్లో చెట్టూ చేమా లేని ఎర్రనేల. ఇప్పుడు అడవిలో దారి వెతుక్కోవాలి. విజిటర్స్ సెంటర్‌లో పాస్ తీసుకుని, దూరం నుంచి మాతృమందిర్ అనే బంగారు రంగు గోళం లాంటి ధ్యానమందిరం చూసి, ఫొటో తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. అంతమాత్రానికైతే పుదుచ్చేరిలో ఉండి ఒక పూట వచ్చి వెళ్తే చాలు. ఆరోవిల్లోనే దిగి డబ్బు ఖర్చు పెట్టాలంటే చేతికి ఏదో ఒక పని ఉండాలి.

నేను వెళ్ళింది ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ వర్క్‌షాప్‌కి. 1989 నుంచి నడుస్తున్న సంస్థ ఇది. కాల్చని మట్టి ఇటుకలు, కమానులు, గుమ్మటాలు నేర్పిస్తారు. అన్నిటికంటే ముందు మట్టిని గుర్తుపట్టడం. తడిపి వాసన చూడాలి, ముద్ద చేసి అరచేతిలో రుద్ది కడుక్కోవాలి. బంకమన్ను ఎక్కువుంటే చెయ్యి ఓ పట్టాన వదలదు, ఇసుక ఎక్కువుంటే రెండు చెంబుల నీళ్ళకే పోతుంది. సీసాలో మట్టి వేసి, నీళ్ళు పోసి కుదిపి వదిలేస్తే రాళ్ళు, ఇసుక, ఒండ్రు, బంకమన్ను పొరలు పొరలుగా కిందికి దిగుతాయి. ఆ పొరల్ని చూసి ఇసుక ఎంత కలపాలో, సిమెంటు ఎంత వేయాలో లెక్క కడతారు. సిమెంటు దాదాపు అయిదు శాతమే. ప్రెస్సులో మట్టి నింపి, మూత వేసి, బరువంతా మోపి లివర్ లాగితే ఇటుక బయటికి వస్తుంది. దాన్ని నాలుగు వారాల పాటు తడి ఆరకుండా చూసుకోవాలి. రెండున్నరేళ్ళ క్లాసుల్లో స్లైడ్ల మీద చూసిన సంగతి నా భుజాలకి ఒక్క పూటలో అర్థమైంది.

వర్క్‌షాప్ ఫీజు నా బడ్జెట్‌లో అన్నిటికంటే పెద్ద ఖర్చు, అయినా పైసా కూడా వృథా అనిపించలేదు. బస మాత్రం డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రియం, నెలల ముందే నిండిపోతుంది. నాకు దొరికిన గెస్ట్‌హౌస్‌లో గది చిన్నది, బల్ల మంచిది. చాలా చోట్ల నగదు తీసుకోరు, ముందే డబ్బు వేసుకుని వాడే ఆరోకార్డు ఉండాలి. అద్దె సైకిల్ లేకపోతే కాలు కదలదు. లోపలి మట్టిదారుల్లో వీధిదీపాలుండవు కాబట్టి చీకటి పడేలోపు గదికి చేరడం మంచిది, టార్చి తప్పనిసరి. మధ్యాహ్నం సోలార్ కిచెన్‌లో భోజనానికి అతిథులు ముందే బుక్ చేసుకోవాలి. దాని డాబా మీద 15 మీటర్ల వెడల్పున్న సోలార్ బౌల్, అంటే అద్దాలు పరిచిన పెద్ద గిన్నె ఉంది. ఎండని ఒకచోటికి చేర్చి ఆవిరి పుట్టించడానికి కట్టారు.

వర్క్‌షాప్ అయ్యాక కొన్నాళ్ళు పుదుచ్చేరిలో ఉండి ఆఫీసు పని చేసుకున్నాను. అక్కడ ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్న హాస్టల్‌లో ఆడపిల్లల డార్మిటరీ అని డబ్బు కట్టించుకుని, వెళ్ళాక అందరినీ కలిపిన గదిలో మంచం చూపించారు. డబ్బు తిరిగి ఇమ్మంటే "మేనేజర్ వస్తారు" అన్నారు, ఆ మేనేజర్ రాలేదు. సామాను తీసుకుని అప్పటికప్పుడే బయటికొచ్చేశాను. ఒంటరిగా వెళ్ళే అమ్మాయిలు బుక్ చేసే ముందు ఒకసారి ఫోన్ చేసి, మాట్లాడింది మెసేజ్‌లో కూడా రాయించుకోండి. ఆ తర్వాత అరవిందాశ్రమం వాళ్ళ పార్క్ గెస్ట్‌హౌస్‌లో గది దొరికింది. ఎదురుగా సముద్రం, చుట్టూ నిశ్శబ్దం. రాత్రి ఓ వేళ దాటాక గేటు మూసేస్తారు. అమ్మకి ఫోన్లో ఆ గేటు సంగతి చెబితే ఆ ఊళ్ళో బస గురించి ఇంకేమీ అడగలేదు.

విల్లుపురంలో రాత్రి అనంతపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాటికి తిరువనంతపురం. ఈ ఊరి గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, 1945లో మన దేశానికి వచ్చి, 2007లో ఇక్కడే కన్నుమూసిన ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ఈ ఊరినిండా తక్కువ ఖర్చు కట్టడాలు కట్టారు. చూడటానికి పెద్ద ఖర్చేమీ లేదు. స్టేషన్ బయటికి రాగానే, తంపానూర్ బస్టాండ్ పక్కన గుండ్రటి ఎర్రటి ఇండియన్ కాఫీ హౌస్ ఉంది. లోపలంతా మెల్లగా పైకి తిరుగుతూ పోయే వాలు. దాని వెంబడి గోడకి ఆనించి బల్లలు. ఇటుకల మధ్య వదిలిన కంతల్లోంచి గాలీ వెలుతురూ వస్తాయి. మసాలా దోసెలో బీట్‌రూట్ కూర పెడతారు. మన ఆలూ కూర కోసం చూసేవాళ్ళకి మొదటిరోజు కష్టంగా ఉంటుంది, నాలుగోరోజుకి అదే కావాలనిపిస్తుంది. ఆ వాలు మీద కూర్చుని స్కెచ్‌లు గీస్తుంటే సర్వర్లెవరూ లేవమనలేదు, ఒకాయనైతే ఏ బల్ల దగ్గర వెలుతురు బాగుంటుందో చూపించారు.

బేకర్ కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ క్యాంపస్‌లోకి వెళ్ళడానికి బోనఫైడ్ లెటర్ పనికొచ్చింది. అక్కడ ర్యాట్ ట్రాప్ గోడని దగ్గర్నుంచి చూడండి. ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదులుతూ కడతారు. ఇటుక దాదాపు పావు వంతు మిగులుతుంది, ఖాళీలో ఉన్న గాలి ఎండని ఆపుతుంది. స్లాబులో కూడా కాంక్రీటు అవసరం లేని చోట పాత పెంకులు పెట్టేశారు. ఊరి బయట విలప్పిల్‌శాలలో లారీ బేకర్ సెంటర్ ఉంది. అక్కడ వర్క్‌షాపులు జరుగుతుంటాయి, తేదీలు కనుక్కుని వెళ్ళాలి.

బసకి స్టాచ్యూ జంక్షన్ దగ్గర వర్కింగ్ విమెన్స్ హాస్టల్‌లో నెల లెక్కన చేరాను. భోజనంతో కలిపి ఏడు వేల లోపే. బల్ల, ఫ్యాను, గట్టి గడియ అన్నీ ఉన్నాయి. ఎక్కువ రోజులు ఒకచోట ఉండేవాళ్ళకి టూరిస్టు హాస్టళ్ళ కంటే ఇవే మేలు. పక్క మంచాల్లో ఉన్నవాళ్ళు ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళు కాబట్టి రాత్రిళ్ళు గోల ఉండదు, ఊరి సంగతులు తెలుస్తాయి.

అట్టుకాల్ పొంగాల పండగ కుంభమాసంలో, అంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది. ఆ రోజుల్లో గది దొరకడం గగనం. హాస్టల్ అక్కలతో నేనూ వెళ్ళాను. ఆడవాళ్ళే లక్షల్లో రోడ్ల మీద ఇటుకలతో పొయ్యి పెట్టుకుని అమ్మవారికి పాయసం వండుతారు. పొగకి కళ్ళు మండుతుంటే పక్కావిడ నా కుండలో బెల్లం వేసి కలిపింది. పండగయ్యాక మిగిలిన ఇటుకల్ని పోగుచేసి, పేదవాళ్ళకి కట్టే ఇళ్ళకి వాడుతోంది నగరపాలక సంస్థ. బేకర్ తిరిగిన ఊళ్ళో ఆ మాట విన్నప్పుడు నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

అక్కణ్ణుంచి కన్యాకుమారి–పుణే రైల్లో కడప దిగాను. గండికోటలో బసకి పర్యాటక శాఖ వారి హరిత హోటల్ అందుబాటులో ఉంటుంది. పెన్నా లోయ అందరికీ తెలిసిందే, సూర్యోదయం చూడండి. నాకు కావలసింది జమ్మలమడుగు వైపు ఊళ్ళలో ఉన్న మట్టి మిద్దెలు. దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు అనే సన్న కర్రలు, ఆ పైన బండలో కర్రలో పరిచి, అన్నిటి పైన చౌడు మన్ను. పంట పండని ఆ ఉప్పు మన్ను తడవగానే ఉబ్బి, సందులు మూసుకుపోయి, నీటిని కిందికి దిగనివ్వదు. వానలకి ముందు మిద్దె మీద కొత్త చౌడు పోసుకుంటారు. మధ్యలో గవాక్షి, దాంట్లోంచి వంటింట్లోకి వెలుగు. ఇళ్ళవాళ్ళు అడగకుండానే మజ్జిగ ఇచ్చారు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఇటు రావద్దు, మధ్యాహ్నం టేపు పట్టుకోవడం కూడా కష్టం.

హంపి తొందరగా చూసి వచ్చాను. తుంగభద్రకి అవతల విరూపాపుర గడ్డెలో ఒకప్పుడుండే బసలు 2020లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కూల్చేశారు. పాత సమాచారం చూసి వెళ్తే అక్కడేమీ ఉండదు. ఆనెగొందిలో పాత ఇళ్ళలోనే ఉండే ఏర్పాట్లు ఉన్నాయి, చదువుకునేవాళ్ళకి హంపి బజారు కంటే అదే బాగుంటుంది. హోసపేట నుంచి విశాఖకి అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో మారే పని లేకుండా వచ్చేయొచ్చు.

ఇక మా వైపు. భీమిలి దాటాక శ్రీకాకుళం దాకా సముద్రం పక్క ఊళ్ళలో చుట్టిళ్ళు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. గుండ్రటి మట్టిగోడ, పైన తాటాకు కప్పు. ఆ ఊళ్ళలో లాడ్జీలుండవు. పూసపాటిరేగలో పెద్దమ్మ వాళ్ళింట్లో ఉండి రోజూ వెళ్ళొచ్చేదాన్ని. స్త్రీశక్తి పథకం వచ్చాక పల్లెవెలుగు బస్సులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి జీరో టికెట్ ఇస్తారు. బస్సు దిగాక తీరం దాకా షేర్ ఆటోలే దిక్కు, సాయంత్రం ఆరు దాటితే అవీ తగ్గిపోతాయి.

చుట్టింటి చూరు నేలకి మూడడుగుల ఎత్తులో ఉంటుంది, నడుం వంచితే గానీ లోపలికి పోలేం. గుండ్రటి ఇంటికి టేపు నిలవదు. అందుకని గోడ చుట్టూ నూలుతాడు తిప్పి, తర్వాత తాడుని నేల మీద పరిచి కొలిచేదాన్ని. ఒక ఇంటికి చుట్టుకొలత 48 అడుగులు వచ్చింది. 3.14తో భాగిస్తే వ్యాసం 15 అడుగుల పైచిలుకు. ఆ ఇంటి మామ్మ అరుగు మీద కూర్చుని చూస్తోంది.

"ఏటి తల్లీ, గోడకి తాడు సుడతన్నావు?"

"ఇల్లు బొమ్మ గీస్తున్నాను మామ్మా."

"సిమిట్టిల్లు గీసుకోవాలి గానీ, ఇదేటికే?"

అలా అంటూనే లోపలికి తీసుకెళ్ళి అటక చూపించింది. వాసాల మీద మట్టి మెత్తిన అటక. పైన తాటాకు అంటుకున్నా మంట కిందికి దిగదని, సామాను తీసుకునే వ్యవధి ఉంటుందని చెప్పింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు పక్కింటి రేకులు ఎగిరి చెరువు గట్టున పడ్డాయట. "మాదీ ఆకు పోనాది గానీ గోడ కదల్లేదు" అంది. మూలల్లేని గోడ కాబట్టి గాలి తాకి పక్కకి జారిపోతుంది, చూరు కిందికి ఉండటంతో కప్పు కిందకి గాలి దూరే చోటు తక్కువ. మా పాఠాల్లో విండ్ లోడ్, అంటే కట్టడం మీద గాలి ఒత్తిడి అని ఒక అధ్యాయం ఉంది. ఆ అధ్యాయం పక్కన ఈ ఇంటి సెక్షన్ డ్రాయింగ్ పెట్టాలని నా ఆశ.

గీసిన ప్లాను ఒకటి ఎ3 కాగితం మీద ప్రింటు తీయించి మామ్మకి ఇచ్చాను. వాళ్ళ మనవడికి చూపించి, తలుపు ఎటుందో వేలితో చూపించమంది. వాడు సరిగ్గానే చూపించాడు.

వర్క్‌షాప్ ఫీజు పక్కన పెడితే నెలకి సగటున పన్నెండు, పదిహేను వేల మధ్య ఖర్చయింది, డ్రాయింగ్ పనితో అందులో సగానికి పైగా వచ్చింది. ఇదే దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళు జనవరిలో ఆరోవిల్, ఫిబ్రవరిలో తిరువనంతపురం, మార్చి మొదట్లో రాయలసీమ పెట్టుకోండి. ఉత్తరాంధ్ర తీరం చివరికి ఉంచండి. ఎండాకాలంలో, వానలకి ముందు పాత ఆకు దింపి కొత్త తాటాకు కడతారు. కప్పు విప్పినప్పుడే వాసాల కట్టు మొత్తం కనిపిస్తుంది. ఆ పని తెలిసినవాళ్ళు ఇప్పుడు ఊరికి ఇద్దరు ముగ్గురే మిగిలారు కాబట్టి, ఏ రోజు ఎవరింటికి కడుతున్నారో ముందే అడిగి తెలుసుకుని, తెల్లవారేసరికి అక్కడుండాలి.