వైజాగ్ ఉప్పుగాలికి ఏ విగ్రహం: కంచా, సిమెంటా?

1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. అంతటి మనిషికి సముద్రం పక్కన విగ్రహం పెట్టాలంటే దేంతో చేయించాలి?

సిమెంటుదైతే చవక, త్వరగా అయిపోతుంది. కానీ ఉప్పు సన్న పగుళ్లలోంచి లోపలి ఇనుప చువ్వలకు చేరుతుంది. చువ్వ తుప్పుపట్టి ఉబ్బితే పైన పెచ్చులూడతాయి. జయంతికోసారి రంగు పూస్తూ పోతే కనుబొమల గీతలు కూడా పూడిపోతాయి, చివరికి ఎవరి విగ్రహమో పోల్చుకోలేం. అది చూస్తే నాకు బాధేస్తుంది.

కంచు ఖరీదెక్కువ. రాగి, తగరం కలిపి, మైనం నమూనాతో తీసిన అచ్చులో పోస్తారు కాబట్టి కనురెప్ప ముడత కూడా దిగుతుంది. ఉప్పు దానికీ పడదు, లేతాకుపచ్చ పొడి రాలితే వెంటనే చూసుకోవాలి. మంచినీళ్లతో కడిగి మైనం పూత వేస్తుంటే తరాలు నిలుస్తుంది.

నా ఓటు కంచుకే. డబ్బు చాలకపోతే నిలువెత్తు విగ్రహం మానేసి, కంచులోనే ఛాతీ వరకే ఉండే బస్టు చేయిద్దాం.