చలికాలానికి ముందు సోలార్ హీటరు సర్వీసు: ఒంగోలులో మా అనుభవం

మా డాబా మీద ఉన్న 200 లీటర్ల సోలార్ వాటర్ హీటరుకు ఏడేళ్లు నిండాయి. చలి మొదలవక ముందే దానికి పూర్తిగా సర్వీసు చేయించాలని అక్టోబరు మొదటి వారంలో ఊళ్లోనే ఉన్న ఒక చిన్న షాపు వారిని పిలిపించాను. ఒంగోలులో చలేమిటని నవ్వేవారు ఉంటారు గానీ, ధనుర్మాసమంతా తెల్లవారుజామున నాలుగున్నరకే తలస్నానం చేసే అమ్మ ఉన్న ఇంట్లో వేడినీళ్లు లేకపోవడం చిన్న సంగతి కాదు. పైగా 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మాకు మూడు రోజులపాటు ఎండ మొహం కనిపించలేదు. ట్యాంకులో ఉన్న కరెంటు హీటరు కూడా ఆ రోజుల్లోనే మొండికేయడంతో, గ్యాసు పొయ్యి మీద కాచిన నీళ్లను బకెట్లతో మోసుకున్నాము. అందువల్ల ఎండ ఉన్న రోజు నీళ్లు ఎంత కాగుతాయన్నది ఎంత ముఖ్యమో, ఎండ లేని రోజు ఆ కరెంటు హీటరు ఆదుకుంటుందా లేదా అన్నదీ నాకు అంతే ముఖ్యం. మొదటి విషయంలో వీరు చేసిన పని మెచ్చుకోదగినది. రెండోదాన్ని నేను గుర్తు చేస్తే గానీ ముట్టుకోలేదు.

మెకానిక్, అతని సహాయకుడు ఉదయం ఆరున్నరకే వచ్చారు. అంత పొద్దున్నే ఎందుకని అడిగితే, నీళ్లు తీసేసిన గాజు ట్యూబులు ఎండలో విపరీతంగా వేడెక్కుతాయని, ఆ వేడి మీద చల్లటి నీళ్లు వదిలితే పగిలిపోతాయని చెప్పాడు. పని తెలిసినవాడేనని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. ఇరవై ట్యూబులనూ ఒక్కొక్కటిగా తిప్పుతూ ఊడదీసి, పాత గోనెసంచులు పరిచి వాటి మీద పడుకోబెట్టారు.

మాది బోరు నీరు, అందులోనూ బాగా కఠినమైన నీరు. అటువంటి నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు వేడికి విడిపోయి, కాల్షియం కార్బనేటు అనే తెల్లటి సున్నపు పొరగా పేరుకుంటుంది. దీన్నే మన వాళ్లు ఉప్పు కట్టడం అంటారు. ఒక ట్యూబును తలకిందులు చేసి తట్టినప్పుడు దాని అడుగు నుంచి దోసెడు తెల్లటి పెచ్చులు, వాటితో పాటు బురద రాలాయి. మిగిలిన వాటి పరిస్థితీ ఇంచుమించు అదే. పొడవాటి బ్రష్షుతో వాటన్నింటినీ కడిగి, ట్యాంకులో పలుచటి యాసిడ్ ద్రావణం పోసి గంటసేపు నిలవుంచి, ఆ తరువాత మూడుసార్లు మంచినీళ్లతో వదిలారు. మూడోసారి వచ్చిన నీరు తేటగా ఉన్నదో లేదో తెల్ల మగ్గులో పట్టి నాకు చూపించడం నచ్చింది.

ఆ కుర్రవాడు చూపించిన ఇంకొక విషయం నాకు కొత్త. ప్రతి ట్యూబుకూ కింది కొనలో అద్దంలా మెరిసే వెండి రంగు మచ్చ ఉంటుంది. రెండు గాజు పొరల మధ్య ఉన్న శూన్యం చెడిపోయి లోపలికి గాలి చేరితే ఆ మచ్చ పాలలా తెల్లబడుతుంది. "సార్, ఈ రెండూ పైకి బాగానే ఉన్నాయి గానీ చచ్చిపోయినట్టే లెక్క" అంటూ అటువంటివి రెండింటిని పక్కన పెట్టాడు. అవి మార్చారు, గట్టిపడిపోయిన సిలికాన్ రింగులు అన్నింటినీ కూడా మార్చారు. పాల కేంద్రంలో వాడే గాజు థర్మామీటరు ఒకటి మా ఇంట్లో ఉన్నది. సర్వీసుకు ముందు ఉదయం ఆరింటికి స్నానాల గది కుళాయిలో 41 డిగ్రీలు చూపించినది, సర్వీసు తరువాత ఎండ బాగా కాసిన రోజు మర్నాడు అదే సమయానికి 54 చూపించింది.

ఇంతవరకు చేసి వారు సామాన్లు సర్దుకోబోయారు. కరెంటు హీటరు సంగతేమిటని అడిగితే, "అది మామూలుగా అవసరం పడదు సార్" అన్నారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వర్షాలు, వాటితో పాటు తుపాన్లు వస్తాయి. చలికాలపు ముందుభాగమంతా ఇక్కడ మబ్బుకాలమే కాబట్టి, ఈ మాట అనంతపురంలో చెల్లుతుందేమో గానీ కోస్తాలో చెల్లదు. నా పట్టుదల మీద మూత విప్పి చూస్తే థర్మోస్టాట్ కాలిపోయి ఉన్నది, ఎర్త్ వైరు వదులై వేలాడుతున్నది. తడి చేతులతో కుళాయి తిప్పే చోట ఎర్త్ వైరు ఊడి ఉండటం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. రెండూ అప్పటికప్పుడు సరిచేసి, స్విచ్చి వేసి చూపించారు. మాది 2 కిలోవాట్ల ఎలిమెంటు. 200 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 50కి తేవాలంటే దాదాపు మూడు గంటలు పడుతుంది, ఆరు యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. అమ్మ స్నానానికి ముందురాత్రే వేసుకోవలసిన స్విచ్చి అది.

సర్వీసుకు 1,200, రెండు ట్యూబులకు 1,300, రింగులకు 600, థర్మోస్టాట్‌కు 450, మొత్తం 3,550 రూపాయలు తీసుకున్నారు. చేసిన పనికి ఇది ఎక్కువనిపించలేదు. బిల్లు మాత్రం అడిగి రాయించుకోవలసి వచ్చింది. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ మా ట్యాంకులో సన్నటి తీగలా మిగిలింది. స్టాకు లేదని, వారంలో తెచ్చి వేస్తామని చెప్పి, నాలుగుసార్లు ఫోన్ చేయించుకుని నెల దాటాక వేశారు. ఈ జాప్యం నాకు నచ్చలేదు.

నీడ సంగతి కూడా వారు చూడలేదు. డిసెంబరు చివర ఒంగోలులో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కూడా దక్షిణాన 51 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కనుక, వేసవిలో ట్యూబుల దరిదాపులకు రాని పక్కింటి వేపకొమ్మ నీడ అప్పుడు సగం ట్యూబుల మీద పరుచుకుంటుంది. పక్కింటి వారిని అడిగి ఆ కొమ్మను నేనే కొట్టించాను.

వచ్చే ఏడు కూడా వీరినే పిలుస్తాను. కాకపోతే సెప్టెంబరులోనే, మెగ్నీషియం కడ్డీ వారి చేతిలో ఉన్నదని ఫోనులో రూఢి చేసుకున్నాకనే పిలుస్తాను; వచ్చాక ముందు కరెంటు హీటరు మూత విప్పించి, ఆ తరువాతే ట్యూబుల మీద చేయి వేయనిస్తాను.