మొదటి ప్రెస్‌గా సెకండ్ హ్యాండ్ ప్రోగ్రెసివ్ కొనకండి: నాకు జరిగింది చదవండి

టెక్సాస్‌లో ఉంటూ ఇంట్లో రౌండ్లు (తూటాలు) రీలోడ్ చేసుకుందామనుకునే మనవాళ్ల కోసం రాస్తున్నాను. రీలోడ్ అంటే కాల్చిన తూటా ఖాళీ కేస్‌లో మళ్లీ ప్రైమర్ (మందును అంటించే చిన్న బిళ్ల), పౌడర్ (మందు), బుల్లెట్ పెట్టడం; హ్యాండిల్ లాగి ఆ పని చేసే యంత్రమే ప్రెస్. నేను కొన్న ప్రెస్ మీద తయారైన ఒక రౌండ్‌లోని బుల్లెట్ నా పిస్టల్ గొట్టంలోనే ఇరుక్కుపోయింది. ఇంకోసారి ట్రిగ్గర్ నొక్కి ఉంటే ఈ చెయ్యి ఇలా ఉండేది కాదు.

ప్రకటనలో "ఫుల్ సెట్, 9 ఎం.ఎం.కి రెడీ" అని ఉంది. 450 డాలర్లు. సింగిల్ స్టేజ్ (ఒక లాగుకు ఒకే పని చేసే ప్రెస్) మీద గంటకు యాభై, చెయ్యి తిరిగితే వంద రౌండ్లు వస్తాయి. ప్రోగ్రెసివ్ (ఒకే లాగులో అన్ని పనులూ చేసే ప్రెస్) మీద నాలుగు వందలు తీయొచ్చన్నాడు అమ్మినతను. ఆ లెక్కకే పడిపోయాను. గరాజ్‌లో ఖాళీ హ్యాండిల్ నాలుగుసార్లు లాగి చూపిస్తే డబ్బులిచ్చి తెచ్చుకున్నాను.

ఇంట్లో విప్పి చూస్తే షెల్ ప్లేట్ (కేసులు నిలబెట్టే పళ్లెం) 45 క్యాలిబర్‌ది. ప్రైమర్ అందించే భాగం పెద్ద ప్రైమర్లది, 9 ఎం.ఎం.కి కావలసింది చిన్నవి. ఆ విడిభాగాలకే ఇంకో 130 డాలర్లు అయ్యాయి. ఫోన్ చేస్తే "ఉన్నది ఉన్నట్టే అమ్మాను" అని పెట్టేశాడు.

డబ్బు పోతే పోయింది. అసలు ప్రమాదం ఆ ప్రెస్ పనిచేసే తీరులో ఉంది. అది ప్లేటును చేత్తో తిప్పే రకం. ఒక కేస్‌లో ప్రైమర్ దిగుతుంటే ఇంకోదాంట్లో పౌడర్ పడుతుంది, మరోదాని మీద బుల్లెట్ కూర్చుంటుంది, అన్నీ ఒకే లాగులో. పాత యంత్రం కాబట్టి ర్యామ్ (ప్లేటును పైకెత్తే కడ్డీ) వదులు, ప్రైమర్లు మాటిమాటికీ ఇరుక్కునేవి. ఒకసారి అలాగే ఆగి, కేస్ తీసి, సరిచేసి మళ్లీ పెట్టాను. ఆ గందరగోళంలో ఒక కేస్ పౌడర్ పడకుండానే ముందుకెళ్లిపోయింది.

రేంజ్‌లో "ఠప్" అని చిన్న శబ్దం వచ్చింది, తుపాకీ వెనక్కి తన్నలేదు. నేను స్లయిడ్ లాగబోతుంటే రేంజ్ ఆఫీసర్ అరిచి ఆపాడు. గొట్టంలో కడ్డీ పెట్టి చూస్తే బుల్లెట్ సగంలో ఉంది. పౌడర్ పడకపోతే ఇది. రెండుసార్లు పడితే ఇంకా ఘోరం. త్వరగా మండే పౌడర్ అయితే రెండు కొలతలు పడినా 9 ఎం.ఎం. కేస్ పొంగిపొర్లదు, కంటితో లోపలికి చూస్తే తప్ప తెలియదు.

అందుకే చెప్తున్నా, మొదట పోత ఇనుముతో చేసిన సింగిల్ స్టేజ్ కొనుక్కోండి. ఒకసారికి ఒకే డై (కేస్ మీద ఒక్కో పనికి బిగించే అచ్చు), ఒకే పని. యాభై కేసుల్లో పౌడర్ పోసి, చెక్క బ్లాకులో వరసగా నిలబెట్టి, టార్చ్ వేసి అన్నిట్లో మట్టం ఒకేలా ఉందో లేదో చూశాకే బుల్లెట్ పెట్టొచ్చు. నిదానమే, కానీ ఆగి చూసుకునే వీలు అక్కడుంది. చేయి కుదిరాక టరెట్‌కి (డైలన్నీ ఒకే తిరిగే తలలో ఉండే ప్రెస్) వెళ్లండి, డైలు మార్చే పని తగ్గుతుంది.

ప్రెస్ అమ్మినతను ఉచితంగా ఇచ్చిన సగం పౌడర్ డబ్బా, సంచిలో రౌండ్లు కూడా తీసుకున్నాను, అదీ తప్పే. పౌడర్ వేరే డబ్బాలోకి మార్చింది, అది ఏ రకమో చెప్పడానికి లేబుల్ లేదు. పరాయివాళ్లు నింపిన రౌండ్లు ఎప్పుడూ కాల్చకండి.

ఇంకో సంగతి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీయే కాదు, తూటా ఉన్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు కూడా రేంజ్ బ్యాగును ఊరికి తీసుకెళ్లొద్దు. మూలలో మరిచిపోయిన ఒక్క రౌండ్ శంషాబాద్ స్కానర్‌లో కనబడితే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు.

ఆ ప్రెస్‌ను మళ్లీ ఎవరికీ అమ్మలేదు, విడగొట్టి పాత ఇనుముకు వేశాను. డాలస్, ఫోర్ట్‌వర్త్ చుట్టుపక్కల ఎవరైనా వాడిన ప్రెస్ కొనబోతుంటే ముందు నాకు ఒక మెసేజ్ పెట్టండి, వచ్చి చూసి చెప్తాను.