కథల రెట్రో ప్యాకేజీ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

స్క్రమ్ మాస్టర్లకి (సాఫ్ట్‌వేర్ టీమ్ పని సజావుగా సాగేలా చూసేవాళ్లు), టీమ్ లీడ్లకి ఒక హెచ్చరిక. "మీ టీమ్ కోసమే అల్లిన కథతో రెట్రోస్పెక్టివ్" అని అమ్ముతున్న ప్యాకేజీ ఒకటి పోయిన నెల మేం కొన్నాం. రెట్రోస్పెక్టివ్, పొట్టిగా రెట్రో, అంటే ఒక విడత పని అయ్యాక ఏది బాగా జరిగింది, ఏది మారాలి అని టీమ్ కూర్చుని మాట్లాడుకోవడం. గంటన్నర ఆన్‌లైన్ సెషన్‌కి 18,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 21,240. మొత్తం ముందే కట్టించుకున్నారు. పోయింది డబ్బొక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు.

వాళ్లు తెచ్చిన కథ ఏడు చేపల కథ. వినగానే చాలా సంతోషించాను, ఎందుకంటే రెట్రోకి ఇంతకంటే అతికే కథ మనకి లేదు. ఏడు చేపల్లో ఒకటి ఎండలేదు. ఎందుకెండలేదు? గడ్డిమోపు అడ్డొచ్చింది. మోపెందుకు అడ్డొచ్చింది? ఆవు మేయలేదు. పాలేరు మేపలేదు, అవ్వ బువ్వ పెట్టలేదు, పిల్లాడు ఏడ్చాడు, చీమ కుట్టింది. టయోటా ఫ్యాక్టరీల్లో పుట్టిన 'ఐదుసార్లు ఎందుకు' పద్ధతి కూడా ఇదే పని చేస్తుంది. పైకి కనిపించిన లోపం దగ్గర ఆగకుండా దాని వెనక ఏముందో అడుగుతూ పోవడం. మన అమ్మమ్మలు అన్నం ముద్దలు పెడుతూ నేర్పిన పద్ధతి!

ఇంత మంచి కథని వాళ్లు మనుషుల మీద ప్రయోగించారు. మా స్ప్రింట్‌లో, అంటే పది రోజుల పని విడతలో, రీఫండ్ స్క్రీన్ పని మిగిలిపోయింది. ఆ పని చూస్తున్న డెవలపర్‌ని చేప అన్నారు, బ్యాకెండ్ అబ్బాయిని గడ్డిమోపు అన్నారు. అలా ఒక్కొక్కరికీ వేషం ఇస్తూ పోయి, చివర్లో చీమ వేషం నాలుగు నెలల కిందట చేరిన టెస్టర్ అమ్మాయికి ఇచ్చారు. "చీమా చీమా, ఎందుకు కుట్టావు?" అని అందరిచేతా ఒక్క గొంతుతో అనిపించారు. ఆ పిల్ల కెమెరా ఆపేసింది. నేను సెషన్ అక్కడితో ఆపించాను. ఆమె చేసిందల్లా ఆఖరి రోజు పెద్ద తప్పు పట్టుకుని రిలీజ్ ఆపడం, అంటే తన పని తను సరిగ్గా చేయడం.

రెట్రోల గురించి రాసిన నార్మన్ కెర్త్ 2001లోనే మొదటి నియమం ఒకటి పెట్టాడు. అప్పటికి తమకు తెలిసినదాన్ని బట్టి, ఉన్న నైపుణ్యాన్ని, వనరులను, పరిస్థితిని బట్టి అందరూ చేతనైనంత బాగా చేశారని నమ్మి కూర్చోవాలని. రెట్రో నడిపి డబ్బు తీసుకునేవాళ్లకి ఈ ఒక్క ముక్క తెలియకపోతే ఎలా?

ఇంకొన్ని సంగతులు. 'మీ టీమ్ కోసమే' అన్న స్లైడ్లలో ఒకదాని మీద వేరే కంపెనీ పేరు అలాగే ఉండిపోయింది. మిగతా సగం స్లైడ్లు పడవ, లంగరు బొమ్మలు, మూడు పందిపిల్లల ఇళ్లు. ఇవన్నీ నెట్‌లో ఉచితంగా దొరికే రెట్రో నమూనాలే. పేర్లు బయటికి రావని చెప్పి చేయించిన సర్వే జవాబులు పేర్లతో సహా మా మేనేజర్‌కి మెయిల్‌లో వెళ్లాయి. డబ్బు వాపసు అడిగితే, సెషన్ మొదలయ్యాక ఇవ్వమన్న షరతు ఇన్‌వాయిస్ అడుగున చూపించారు. డబ్బు కట్టకముందు ఆ మాట ఎక్కడా లేదు.

కొనేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వాణిజ్య అవసరానికి సేవ తీసుకున్నవాళ్లు వినియోగదారుల లెక్కలోకి రారు. కాబట్టి కంపెనీ తరఫున కొంటే మీకు రక్ష రాతకోతలే. సగం డబ్బు సెషన్ అయ్యాకే ఇస్తామనండి. సర్వే జవాబులు ఎవరెవరు చూస్తారో రాయించుకోండి. అన్నిటికంటే ముందు, కథలో పాత్రలు ఎవరికిస్తారని అడగండి. 'టీమ్ సభ్యులకి' అన్నారంటే వద్దనేయండి.

వారం తర్వాత అదే కథతో మేమే రెట్రో చేసుకున్నాం. ఈసారి పాత్రలు పనులకీ వస్తువులకీ ఇచ్చాం. రీఫండ్ టికెట్ (మిగిలిపోయిన ఆ పని) చేప, కోడ్ రివ్యూ (రాసిన కోడ్‌ని తోటివాళ్లు చూడడం) గడ్డిమోపు, టెస్ట్ సర్వర్ (పరీక్షలు చేసే సర్వర్) అవ్వ. యాభై నిమిషాలు పట్టింది. చీమ దగ్గరికి వచ్చాక, "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అన్న జవాబుని పట్టుకుని, ఆ వేలు ఎక్కడిదని అడిగాం. పది రోజుల స్ప్రింట్‌లో టెస్ట్ సర్వర్ మా చేతికి వచ్చింది తొమ్మిదో రోజున. దానికి అనుమతి వేరే టీమ్ ఇవ్వాలి, మేం అడగడమే ఆలస్యంగా అడుగుతున్నాం. ఇప్పుడు మొదటి రోజే అడుగుతున్నాం. ఈ మాట పట్టుకొచ్చింది ఆ టెస్టర్ అమ్మాయే.

పేర్లున్న ఆ సర్వే షీటు తొలగించమని అమ్మినవాళ్లకి రెండుసార్లు మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు లేదు. వస్తే ఇక్కడే రాస్తాను.